మందుకీ క్యాన్సర్‌కీ సంబంధమేంటి డాక్టరమ్మా?

కిందటి నెల ఈ శీర్షికలో నోటి పుండ్ల గురించి రాస్తూ మాటల్లో మాటగా "పొగాకు ఒక్కటే కాదు, మద్యం కూడా క్యాన్సర్ తెచ్చేదే" అని ఒక్క వాక్యం రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ వాక్యం మీదే. కొందరికి కోపమొచ్చింది, కొందరికి భయమేసింది, చాలామంది మాత్రం "ఇన్నేళ్లలో ఈ మాట మాకెవరూ చెప్పలేదే" అన్నారు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఎవరి పేర్లూ వెయ్యడం లేదు.

"డాక్టరమ్మా, మా ఆయనకి 46 ఏళ్లు. పదిహేనేళ్లుగా రోజూ రాత్రి ఒక క్వార్టర్ పడితే గానీ కంచం ముందు కూర్చోడు. గొడవ చెయ్యడు, జీతం ఇంట్లోనే ఇస్తాడు, అందుకే నేనూ సర్దుకుపోయాను. సిగరెట్ లేదు, గుట్కా లేదు. నెలన్నర నుంచి నాలుక పక్కన పుండు ఉంది. బి కాంప్లెక్స్ వాడాం, తగ్గలేదు. పంటి మొన గీసుకుంటోంది అంటాడు. మీరు రాసింది చదివి వినిపిస్తే 'మందుతో పోతే లివర్ పోతది గానీ నోట్ల క్యాన్సర్ ఎట్లొస్తది' అని నవ్విండు. నిజంగా సంబంధం ఉందా?" — ఓ పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

అమ్మా, సంబంధం సంగతి తర్వాత, ముందు ఆ పుండు సంగతి. రెండు మూడు వారాలు దాటినా మానని నోటి పుండు ఏదైనా సరే డాక్టరు కంటితో చూసి, వేలితో తడిమి తేల్చాలి. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికో, పళ్ల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. పంటి మొన గీసుకున్న పుండే కావచ్చు, అదే అయి ఉండాలని నేనూ కోరుకుంటున్నాను, కానీ ఇంట్లో కూర్చుని ఊహించి తేల్చుకునే విషయం కాదది. ముక్క తీసి పరీక్షకి పంపాలంటే వద్దనకండి. "ముక్క తీస్తే పాకుతుంది" అని చుట్టాలు భయపెడతారు, ఆ మాట నమ్మి రెండు నెలలు ఆలస్యం చేసుకుని వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకదు. ఆలస్యం చేస్తే పాకుతుంది.

ఇక సంబంధం. ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్యాన్సర్ కారణాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఒకటుంది. అది 1988లోనే మద్య పానీయాలని మొదటి గ్రూపులో చేర్చింది. మొదటి గ్రూపు అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ఇక అనుమానం అక్కర్లేనివి. పొగాకు, ఆస్బెస్టాస్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాయి. అలాగని ఒక పెగ్గూ ఒక సిగరెట్ పెట్టే సమానమని అర్థం కాదు, రుజువు ఎంత గట్టిదో చెప్పే గ్రూపు అది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము, ఈ ఏడు చోట్లా మద్యం వల్ల క్యాన్సర్ వస్తుందని తేలింది. మీ ఆయన చెప్పిన లివర్ ఏడింట్లో ఒకటి మాత్రమే.

నోట్లో ఎట్లొస్తది అన్నారు కదా. మందు ఏదైనా అందులో ఉండేది ఈథైల్ ఆల్కహాల్. మన ఒంట్లోకి వెళ్లాక అది అసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుతుంది. ఈ అసిటాల్డిహైడ్ అసలు విషం. కణాల్లో ఉండే డీఎన్ఏని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్నదాన్ని బాగుచేసుకునే పని కూడా సరిగా సాగనివ్వదు. ఈ మార్పు లివర్‌లోనే జరుగుతుందని అందరూ అనుకుంటారు గానీ నోట్లో ఉండే బ్యాక్టీరియా కూడా ఆ పని చేస్తుంది. అంటే మందు గొంతు దిగకముందే లాలాజలంలో ఆ విషం తయారవుతోందన్నమాట. రోజూ రాత్రి గంటా గంటన్నర సేపు నాలుక, బుగ్గలు, గొంతు ఆ లాలాజలంలో నానుతుంటాయి, పదిహేనేళ్లు.

ముప్పై ఏళ్లు ఈఎన్‌టీ ఓపీలో కూర్చున్నాను, ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాడు. ఇంకా యాభై రాలేదు, శుభ్రమైన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. కేస్ షీటులో అలవాట్ల దగ్గర "పొగాకు: లేదు" అని రాసి ఉంది, మద్యం గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నోరు తెరవమంటే నాలుక ఎడమ అంచున చింతగింజంత పుండు, చుట్టూ గట్టిగా చెక్కలా ఉంది. ఎన్నాళ్ల నుంచి అంటే, "కారం తగిలితే మండుతోందని రెండు నెలలుగా పెరుగన్నమే తింటున్నానండీ" అన్నాడు. మందు తాగుతారా అని అడిగితే ఆశ్చర్యపోయాడు, నోటి పుండుకి డాక్టరు మందు గురించి అడుగుతుందేంటి అన్నట్టు చూశాడు. రోజూ నైంటీ, ఆదివారం కొంచెం ఎక్కువ. ఆపరేషన్‌లో నాలుకలో కొంత భాగం తీసేశాం. తర్వాత మాట ముద్దగా వచ్చేది. "ముందే తెలిస్తే" అనే మాట ఆయన పలకడానికి పడ్డ కష్టం చూశాక, కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటునీ పొగాకుతో పాటు మందు గురించి కూడా నేనే నోరు తెరిచి అడగడం మొదలుపెట్టాను.

మీ ఆయనకి పొగాకు లేకపోవడం నిజంగా మంచి విషయం. రెండూ కలిస్తే ప్రమాదం కూడిక లెక్కన పెరగదు, హెచ్చవేత లెక్కన పెరుగుతుంది. మందు నోటి లోపలి పొరని మెత్తబరిచి, పొగలోని, గుట్కాలోని విషాలు లోపలికి తేలిగ్గా దిగేలా చేస్తుంది. కానీ పొగాకు లేదు కాబట్టి మందు ఏం చెయ్యదు అనుకోవద్దు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో 60 గ్రాములకి పైగా అసలు ఆల్కహాల్ ఉంటుంది. రోజూ అంటే అది చాలా ఎక్కువమ్మా. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మాన్పించేయకండి, దాని గురించి ఆఖరి ఉత్తరానికి జవాబులో రాశాను, తప్పకుండా చదవండి.

"మేడమ్, నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారం రోజులు ముట్టను, శుక్ర శనివారాలు ఫ్రెండ్స్‌తో బీరు, అప్పుడప్పుడూ రెడ్ వైన్. చీప్ లిక్కర్ కాదు, మంచి బ్రాండ్లే. రెడ్ వైన్ గుండెకి మంచిదని డాక్టర్లే చెప్తారు కదా?"

తమ్ముడూ, నువ్వున్న దేశంలోనే 2025 జనవరిలో అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు) వివేక్ మూర్తి దీని మీద ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. అమెరికాలో మనం ఆపగలిగే క్యాన్సర్ కారణాల్లో పొగాకు, ఊబకాయం తర్వాత మూడోది మద్యమేనని, ఏటా దాదాపు లక్ష క్యాన్సర్లు, 20 వేల మరణాలు దీనివల్లేనని అందులో ఉంది. ఈ సంగతి తెలిసినవాళ్లు అక్కడ కూడా సగం మంది లేరు.

బ్రాండు గురించి. క్యాన్సర్ తెచ్చేది సీసాలో ఉన్న ఆల్కహాల్, సీసా ధర కాదు. పాత స్కాచ్‌లో ఉన్నా, చీప్ లిక్కర్‌లో ఉన్నా, వైన్‌లో ఉన్నా అదే ఆల్కహాల్, ఒంట్లోకెళ్లాక అదే అసిటాల్డిహైడ్. బీరు అంటే లైట్ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. మన దగ్గర దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు మీద 8 శాతం అని ఉంటే, అందులో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్ ఉన్నట్టు, తూకంలో దాదాపు 41 గ్రాములు. విస్కీ 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండేది పది గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులు. ఇండియాకి సెలవుల్లో వచ్చి "మూడు బీర్లే కదా తాగాను" అంటే పన్నెండు పెగ్గులు తాగినట్టు.

రెడ్ వైన్ గుండెకి మంచిదనే మాట నేను చదువుకునే రోజుల్లోనూ విన్నాను. తర్వాత జాగ్రత్తగా చేసిన పరిశీలనల్లో ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. కొద్దిగా తాగేవాళ్లు మామూలుగానే డబ్బున్నవాళ్లు, వ్యాయామం చేసేవాళ్లు కావడం, 'తాగనివాళ్ల' లెక్కలో జబ్బుచేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోవడం అందుకు కారణాలు. గుండె సంగతి ఎలా ఉన్నా క్యాన్సర్ విషయంలో మాత్రం వైన్‌కి మినహాయింపు లేదు. ఇంతవరకు తాగితే ఏం కాదు అని గీత గీయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పేసింది.

నిన్ను భయపెట్టాలని కాదు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే చూడు. సర్జన్ జనరల్ పత్రంలోనే ఉంది. వారానికి ఒక డ్రింకు (అమెరికా లెక్కలో దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్) కూడా తాగని మగవాళ్లు వందమందిలో పదిమందికి జీవితకాలంలో మద్యంతో సంబంధం ఉన్న క్యాన్సర్లలో ఏదో ఒకటి వస్తుంది. రోజుకొకటి తాగేవాళ్లలో పదకొండు మందికి, రోజుకి రెండు తాగేవాళ్లలో పదమూడు మందికి. నీకు ఇది చిన్న తేడాగా కనిపించొచ్చు, తాగాలా వద్దా అనేది నీ నిర్ణయమే. కాకపోతే ఈ అంకెలు చూసి తీసుకో.

"మా తాత 88 ఏళ్లు బతికాడు, చనిపోయే ముందు రోజు కూడా తాగాడు. ఏ క్యాన్సరూ రాలేదు. ఒక్క చుక్క ముట్టని మా మేనత్తకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. దీనికేమంటారు?"

రెండూ నిజమే అంటాను. హెల్మెట్ లేకుండా నలభై ఏళ్లు బండి నడిపి గీత కూడా పడనివాళ్లు ఉన్నారు, హెల్మెట్ పెట్టుకునీ పోయినవాళ్లు ఉన్నారు. అయినా మీ అబ్బాయికి బండి తాళం ఇచ్చేటప్పుడు హెల్మెట్ చేతికిస్తారు కదా.

ఒక మనిషిని చూసి ఇది తేలదండీ. ఫలానా ఆయన క్యాన్సర్ మందు వల్లే వచ్చిందని నేను వేలు పెట్టి చూపించలేను, పైన చెప్పిన తెల్ల చొక్కా ఆయన విషయంలో కూడా. లక్షలమందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, తాగేవాళ్లలో ఎందరికి, తాగనివాళ్లలో ఎందరికి అని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. అలా లెక్కగడితే 2020లో ప్రపంచం మొత్తం మీద మద్యం వల్ల కొత్తగా వచ్చిన క్యాన్సర్లు 7 లక్షల 41 వేల పైచిలుకు. మన దేశంలో దాదాపు 62 వేలు, అంటే మనకొచ్చే ప్రతి ఇరవై క్యాన్సర్లలో ఒకటి. వయసు, వంశం, అదృష్టం మన చేతుల్లో లేవు, మీ మేనత్తగారి విషయంలో ఏ కారణం పనిచేసిందో తెలియదు. కానీ ఆ 62 వేలమందికి వచ్చినది రాకుండా చూడగలిగినది, మందు లేకపోతే వాళ్లు ఆ వార్డులో ఉండేవాళ్లే కాదు. మీ తాతగారు ఆ లెక్కలో పడలేదు, సంతోషం. మీరు పడరని ఆయన హామీ ఇవ్వలేరు.

"కల్లు చెట్టు నుంచి వచ్చేది, అందులో కెమికల్స్ ఉండవు, ఒంటికి చలవ అంటారు. దానివల్ల కూడా క్యాన్సర్ వస్తుందా?"

చెట్టు మీద కుండలోకి దిగిన కాసేపటికే కల్లు పులవడం మొదలవుతుంది. పులవడం అంటేనే చక్కెర ఆల్కహాల్‌గా మారడం. పొద్దున కల్లుకంటే సాయంత్రం కల్లుకి కిక్కు ఎక్కువ ఉండేది అందుకే. చెట్టు నుంచి వచ్చిన ఆల్కహాల్‌కి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదానికి ఒంట్లో తేడా ఏమీ ఉండదు. పైగా చెట్టు ముఖం చూడని కల్లు కూడా దుకాణాల్లో అమ్ముతున్నారు, అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపినది. అది తాగి ఆసుపత్రి పాలైనవాళ్ల వార్తలు తెలంగాణలో ఏటా చూస్తూనే ఉన్నాం. చలవ కావాలంటే తెల్లవారకముందు దించిన, పులవని నీరా తాగండి, ముంజలు తినండి. గీత కార్మికుల పొట్ట కొట్టాలన్నది నా ఉద్దేశం కాదు, నీరాకి గిరాకీ పెరిగితే వాళ్లకీ మేలే.

"డాక్టర్ గారూ, నాకు 34. ఆఫీసు పార్టీల్లో, వీకెండ్‌లో రెండు గ్లాసుల వైన్ తాగుతాను. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఇంట్లో ఎవరినీ అడగలేను, మా డాక్టర్ని అడగాలన్నా సిగ్గుగా ఉంది, తిడతారేమోనని."

అడిగినందుకు నాకు సంతోషంగా ఉందమ్మా. ఇందులో తిట్టడానికేం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది తాగుతున్నారు, మగవాళ్లలో 43.3 శాతం. మగవాడు తాగితే అలవాటు, ఆడది తాగితే తప్పు అనే చూపు వల్లే నీలాంటి అమ్మాయిలు డాక్టరు ముందు అబద్ధం చెప్తారు, మాకు సరైన సలహా ఇచ్చే అవకాశం పోతుంది.

మద్యం ఈస్ట్రోజన్ హార్మోన్‌ని పెంచుతుంది, రొమ్ము కణాలకి అది మంచిది కాదు. రోజుకి పది గ్రాముల ఆల్కహాల్, అంటే ఒక చిన్న గ్లాసు వైన్, రొమ్ము క్యాన్సర్ ముప్పుని దాదాపు 7 శాతం పెంచుతుంది. వందలో ఏడుగురికి అదనంగా వస్తుందని కాదు దీనర్థం, ఇప్పటికే ఎంత ముప్పు ఉందో దాని మీద ఏడు శాతం. మామూలు అమ్మాయికి ఇది చిన్నదే. అమ్మకి ఉంది కాబట్టి నీ మొదటి లెక్కే కాస్త పెద్దది, అందుకని నీ విషయంలో పూర్తిగా మానెయ్యమనే చెప్తాను. దానికంటే ముఖ్యం, అమ్మకి ఏ వయసులో వచ్చిందో కనుక్కుని ఒకసారి రొమ్ము క్యాన్సర్ నిపుణుల దగ్గరికి వెళ్లు. నీకు స్క్రీనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, జన్యు పరీక్ష అవసరమా అనేది వాళ్లు చెప్తారు. వైన్ సంగతి కూడా దాచకుండా చెప్పు. తిట్టే డాక్టరైతే మార్చెయ్.

"మా ఊళ్లో బడి పక్క సందులోనే బెల్టు షాపు ఉంది. ఆడవాళ్లం వెళ్లి అడిగితే 'ఎవడి ఇష్టం వాడిది' అన్నారు. ఇది నిజంగా ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిన విషయమేనా?" — ఓ టీచరు, ప్రకాశం జిల్లా

కాదమ్మా, కాదు. మీ పక్క నెల్లూరు జిల్లాలోనే కదా దూబగుంట. అక్షర దీపం అనే వయోజనుల చదువుల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటి వాళ్లు, సారా బండిని ఊళ్లోకి రానివ్వలేదు, ఆ గొడవ రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. అప్పుడు వాళ్లు క్యాన్సర్ కోసం పోరాడలేదు. కూలి డబ్బులు, ఒంటి మీద దెబ్బలు, పిల్లల ఆకలి వాళ్ల కళ్ల ముందున్నాయి. కానీ నిషేధం పోయినా ఆ రోజుల్లో తేలిన ఒక సంగతి మిగిలింది, ఊళ్లో ఎంత తాగుతారన్నది ఊళ్లో మందు ఎంత తేలిగ్గా, ఎంత దగ్గర్లో, ఎంత చవగ్గా దొరుకుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. నాలుగు అడుగుల్లో బెల్టు షాపు పెట్టి మనిషిని మనసు గట్టిచేసుకోమంటే ఎలా?

నిషేధం గురించి వాదనలు చాలా ఉన్నాయి, దొంగసారా భయం నాకూ ఉంది. కానీ నిషేధం దాకా వెళ్లకుండా చెయ్యగలిగినవి ఉన్నాయి. ధర పెంచడం, అమ్మే గంటలు తగ్గించడం, బెల్టు షాపులు మూయించడం, ఇంకా సీసా మీద నిజం రాయడం. మన సీసాల మీద "ఆరోగ్యానికి హానికరం, తాగి వాహనం నడపవద్దు" అనే అర్థం వచ్చే హెచ్చరిక 2019 నుంచి ఉంది, క్యాన్సర్ అనే మాట లేదు. సిగరెట్ పెట్టె మీదేమో 85 శాతం చోటు బొమ్మతో కూడిన హెచ్చరికకే ఇచ్చాం. ఐర్లాండ్ 2023లో మద్యం సీసా మీద క్యాన్సర్ హెచ్చరిక తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చింది, 2026లో అమలు కావాల్సింది, 2028కి వాయిదా వేశారు. సీసా మీద ఒక్క మాట రాయడానికి ఇంత అడ్డు పడుతున్నారంటే ఆ మాటకి బలముందనే నాకనిపిస్తుంది.

మీరు చెయ్యగలిగింది: బెల్టు షాపుకి లైసెన్సు ఉండదు, అది చట్టవిరుద్ధం. గ్రామసభలో తీర్మానం చేయించి ఎక్సైజ్ అధికారులకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే మిగులుతుంది.

"నాకు 52. ముప్పై ఏళ్లుగా తాగుతున్నాను. ఇప్పుడు మానేస్తే మాత్రం ఏం లాభం, జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది కదా? రెండుసార్లు మానాలని చూశాను, రెండో రోజుకే చేతులు వణికి, చెమటలు పట్టి, ఎవరో పిలుస్తున్నట్టు వినబడి మళ్లీ తాగేశాను."

లాభం ఉంది. పైన చెప్పిన లియాన్ సంస్థే 2023లో ఈ ప్రశ్ననే తీసుకుని చూసింది. మానేసినా, బాగా తగ్గించినా నోటి క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని గట్టిగా తేలింది. ఒక్క రోజులో కాదు, ఏళ్లు పడుతుంది, ఎప్పుడూ తాగనివాడి స్థాయికి పూర్తిగా రాకపోవచ్చు. అయినా 52లో మొదలుపెడితే ఆ ఏళ్లు మీ చేతిలో ఉన్నాయి.

కానీ మీరు రాసిన రెండో మాటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. చేతులు వణకడం, చెమటలు, లేని గొంతులు వినపడటం, ఇది మీ మనసు బలహీనత కాదు. రోజూ మందుకి అలవాటుపడ్డ మెదడు అది ఒక్కసారిగా అందకపోతే చేసే గోల. అది ముదిరితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే మీరు, మొదటి ఉత్తరం రాసిన చెల్లెమ్మ భర్త లాంటి వాళ్లు, ఒట్టు వేసో, మాల వేసుకునో ఇంట్లో ఒంటరిగా ఒక్కరోజులో మానెయ్యకూడదు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దిరోజులు మందులు వాడుతూ మానాలి. థయామిన్ అనే బి1 విటమిన్ కూడా ఇస్తారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం వాళ్లే ఇది చూస్తారు, చాలాచోట్ల విడిగా డీ-అడిక్షన్ వార్డు ఉంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు. తెల్లారి వెళ్దామనుకుంటే ఈ రాత్రి మాత్రం ఒక్కసారిగా ఆపకండి, ఇంట్లో ఎవరికైనా ఈ పేజీ చూపించి రేపు తోడు రమ్మనండి. ఓపీ చీటీ రాసేవాళ్లు ఏం ఇబ్బంది అని అడిగితే "మందు మానాలి, మానితే వణుకొస్తోంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి.